నల్లబడ్డ ఉంగరం

సుంకులమ్మ కొంగుముడి విప్పి ఆ ఉంగరాన్ని గడప మీద పెట్టే సమయానికి, విశ్వజ పెనం మీది దోసెను చూసి మురిసిపోతోంది. పెళ్లయిన ఇరవై మూడు రోజుల్లో చిరగకుండా, మాడకుండా, గుండ్రంగా లేచిన మొట్టమొదటి దోసె అది. "బావా, ఒక్కసారి వచ్చి చూడు" అని పిలవబోతూ వాకిలి వైపు తల తిప్పింది. ఆ తర్వాత ఆ దోసె సంగతి ఎవరికీ గుర్తు లేదు.

గడప అవతల నిలబడ్డ ఆడమనిషికి ముప్పై అయిదేళ్లుంటాయి. మోకాళ్ల దాకా ఎర్రమట్టి. నిద్ర లేక కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నువ్వు కంసాలోళ్ల బిడ్డవంట గదమ్మా. ఇది ఏ కాలందో సెప్తావని వచ్చినా," అంది.

ఎర్రమల కొండల అంచున ఉన్న ఆ సుద్దపల్లెలో తొలకరి పడిందంటే చేలన్నీ మనుషులతో నిండిపోతాయి. వాన కడిగిన మట్టిలో వజ్రం మెరుస్తుందేమోనని ఎక్కడెక్కడివాళ్లో మూటలు కట్టుకొని వచ్చి, చెట్ల కింద పట్టాలు పరుచుకొని, పొద్దున లేస్తే నడుం వంచి నేలను వెతుకుతుంటారు. సుంకులమ్మ, ఆమె మొగుడు ఓబులేసు ఆదోని దిక్కు నుంచి అలా వచ్చినవాళ్లే. గనుల శాఖలో సర్వేయరుగా పనిచేసే మౌనేశ్ ఊరి పక్కన, గవి అని పిలిచే గుహ ఉన్న గవికొండ పటం గీయడానికి రెండు నెలలు ఇక్కడ మకాం పెట్టాడు. ఒక పెనం, నాలుగు గిన్నెలు, ఒక చాపతో సహా అతని కొత్త కాపురం కూడా వెంట వచ్చింది.

"నిన్న పొద్దున కొండ కింద వాగు ఇసుకలో ఇది నాకు దొరికె," అంది సుంకులమ్మ. "నా మొగుని చేతిలో పెడితి. ఇంక ఆ మనిషి నిలబడల్యా. ఒకటి కొట్టుకొచ్చిందంటే మిగిలిన సొమ్ము గవిలోనే ఉంటాదని టార్చిలైటు పట్టుకొని లోపలికి పోయినాడు. మాపటికి రాలే. తెల్లారినా రాలే. గవి నోట్లో నిలబడి పిలిచి పిలిచి నా గొంతు పాయె."

మౌనేశ్ అప్పటికే బూట్లు తొడుక్కుంటున్నాడు. "లోపల పెద్ద గది దాటాక దారి రెండుగా చీలుతుంది. నేను ఆ గది వరకే కొలిచాను. ఏ దారిన పోయాడో తెలియకుండా దిగితే వెతకడానికే రోజు చాలదు."

"అందుకే తోలుకొచ్చినా సామీ," అన్నాడు సుంకులమ్మ వెనక గొంగడి భుజాన వేసుకుని నిలబడ్డ ముసలాయన. అతను తిక్కయ్య, ఆ కొండ మీదే యాభై ఏళ్లుగా గొర్రెలు మేపుతున్నవాడు. "ఎడమది రాజుగవి. వెనకటికి ఏ రాజో దండు మీదికొస్తే ఖజానా అందులో దాచినాడంట. కుడిది గండిగవి. అది ఆ కాలంలో లేనే లేదు. మా నాయన చిన్నప్పుడు రైలుకట్టకు రాయి కావాలని దొరలు మందుపెట్టి పేలిస్తే పడిన గండి. ఆ తర్వాత పెండ్లిబండ్లు కొట్టిన దొంగలు అందులో దాక్కున్నారు. దొంగలు దొరికినారు గానీ సొమ్ము దొరకలే. వజ్రాలకొచ్చేటోళ్లందరికీ ఈ కతలు తెలుసు."

అంటే ఉంగరం రాజులనాటిదై, నాలుగు వందల ఏళ్లదైతే ఎడమకు పోవాలి, వందలోపుదైతే కుడికి. విశ్వజకు భయం వేసిన మాట నిజమే. దానితో పాటు, చెప్పుకోవడానికి సిగ్గుపడేంత సంతోషం కూడా కలిగింది. డిగ్రీలో చరిత్ర చదివినా, నగలను చదవడం మాత్రం కంసాలి పని చేసే తాత, జేజినాయన కుంపటి పక్కన కూర్చొని నేర్చుకుంది. ఆ విద్య ఒక ప్రాణానికి అక్కరకొస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

మౌనేశ్ జిల్లా కేంద్రానికి ఫోను చేశాడు. రక్షణ దళం వచ్చేసరికి సాయంత్రమవుతుందన్నారు. తిక్కయ్య పడమటి దిక్కు చూశాడు. కొండ వెనక మబ్బు కాటుక మెత్తినట్టుంది.

"అది సాయంత్రం దాకా ఆగేది కాదు," అన్నాడు.

విశ్వజ పెట్టెలోంచి జేజినాయన కంటద్దం తెచ్చి, వెలుతురు పడేలా గడప మీదే చతికిలబడింది. ఉంగరం నల్లబారి ఉంది. మధ్యలో చింతగింజంత ఎర్రరాయి. చీర చెంగుతో తుడిచి, కంటికి అద్దం ఆనించి, ఊపిరి బిగబట్టి చూసింది.

"పాతకాలపు పనైతే రాయి వెనక మూసేసి ఉంటుంది బావా. కింద తళుకురేకు వేసి, లోపల లక్క నింపి, చుట్టూ మేలిమి బంగారం అదిమేవాళ్లు. ఇది చూడు, వెనక కిటికీలాగా తెరిచి ఉంది. వెలుతురు ఇటు నుంచి అటు పోతోంది. రాయిని నాలుగు గోళ్లు పట్టుకొని ఉన్నాయి. ఈ గోళ్ల పని దొరల నగలు చూసి మనవాళ్లు నేర్చుకున్నది."

"రాయి సంగతి?"

"కెంపే. కానీ భూమిలో పుట్టిన కెంపులో గీతలు సూటిగా ఉంటాయి. ఇందులో గ్రామఫోను రికార్డు మీద ఉన్నట్టు వంగి ఉన్నాయి. ఇదిగో, గుండ్రటి గాలిబుడగ కూడా. మంటలో కరిగించి చేసిన రాయి. ఇలాంటివి లోకంలోకి వచ్చి నూటపాతికేళ్లు కూడా కాలేదు."

"మరి ఇంత నల్లగా ఉందే?"

"మేలిమి బంగారం వెయ్యేళ్లు మట్టిలో పడున్నా నల్లబడదు. ఇందులో రాగి పాలు ఎక్కువ, అందుకే ఈ రంగు. వయసుకీ దానికీ పొత్తు లేదు." ఉంగరాన్ని పక్కకు తిప్పింది. రాయికి అటూ ఇటూ పూలూ తీగలూ లేవు. మెట్లు మెట్లుగా చెక్కిన సూటి గీతలు. జేజినాయన వాళ్ల నాన్న వయసులో ఉన్నప్పటి మోజు అది. వేలిని చుట్టే కడ్డీ అడుగుభాగం మీద వేలు రాసింది. అరుగుదల అన్నదే లేదు. గోళ్ల కొనలు ఇప్పటికీ చీరదారాన్ని పట్టి లాగుతున్నాయి. ఎవరో తొడుక్కున్నాక నెల కూడా నిండకుండానే వేలు విడిచిన ఉంగరం. ఆ పెండ్లిబండ్లలో ఒక పెళ్లికూతురు కూర్చొని ఉండాలి. విశ్వజ చేయి అప్రయత్నంగా తన మెడలోని పసుపుతాడు మీదికి పోయింది.

"తొంభై ఏళ్లు," అంది లేస్తూ. "పదేళ్లు అటో ఇటో. గండిగవి."

మౌనేశ్ కళ్లలో మెచ్చుకోలు చూసి ఆమె బుగ్గలు వేడెక్కాయి. బిందెలో ఉంగరం తీసే ఆటలో మూడుసార్లకు రెండుసార్లు తనే గెలిచింది. కావాలని ఓడిపోయానని అతను ఇప్పటికీ అంటుంటాడు. ఈసారి ఆ మాట అనడానికి వీల్లేదు.

సుంకులమ్మ ఆ ఉంగరాన్ని మళ్లీ కొంగులో ముడివేసుకుంది. ఏదో అనబోయి ఊరుకుంది.

*

గవి నోటికి చేరేసరికి గాలి ఆగిపోయింది. కొండ కడుపులోంచి సన్నగా పారివచ్చే వాగు ఇంకా తేటగానే ఉంది. తిక్కయ్య బయట బండ మీద కూర్చొని, నూనెడబ్బా ఒకటి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఈ నీళ్లు ఎర్రబడినాయంటే కొండ నెత్తిన వాన పడినట్టు. చూసిన తక్షణం డబ్బా కొడతా. అప్పుడు మీకు ముప్పావుగంట. ఆ తర్వాత ఈ గవి నోరు మనిషిని పోనీదు, రానీదు."

తలదీపాలున్న టోపీలు రెండే ఉన్నాయి. మౌనేశ్ ఒకటి తను పెట్టుకొని, రెండోది విశ్వజ తలకు బిగించాడు. గడ్డం కింద పట్టీ సర్దుతూ, "మెట్టెలు తీసి రావాల్సింది," అన్నాడు మెల్లగా.

"ఇరవై మూడు రోజులే అయింది. అప్పుడే తీయమంటావా," అంది. కానీ లోపల మొదటి అడుగు వేయగానే బండ మీద వెండి టక్కుమని, ఆ చప్పుడు చీకట్లో ఎంతో దూరం పోయి తిరిగొచ్చింది. ఆమె కొంగు నడుముకు దోపుకుంది.

పెద్ద గదిలో గబ్బిలాల కంపు. పైనుంచి సున్నపురాతి ఊడలు వేలాడుతున్నాయి. మౌనేశ్ అరవై అడుగుల తాడు భుజాన వేసుకొని ముందు నడిచాడు. చీలిక దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగలేదు. కుడికి తిరిగారు.

గండిగవి పైకెక్కుతూ పోయింది. మందుపాతర పగలగొట్టిన రాళ్లు కత్తుల్లా నిలబడి ఉన్నాయి. ఒకచోట బోర్లా పడుకొని పాకాల్సి వచ్చింది. మౌనేశ్ బూటు అడుగు తప్ప విశ్వజకు ఇంకేమీ కనబడలేదు. వెనకాల సుంకులమ్మ ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ప్రతి మలుపులోనూ ఆగి పిలిచారు. "ఓబులేసూ" అన్న కేక గోడల మీద పొర్లి పొర్లి, చివరికి ఎవరిదో తెలియని మూలుగులా వెనక్కి వచ్చేది. సుంకులమ్మ చేతిలాంతరు నేలకు దగ్గరగా పట్టుకొని, పిలుపుకీ పిలుపుకీ నడుమ రాళ్లకేసి చూస్తోంది. చూసిన కొద్దీ ఆమె మొహం చిన్నదైపోతోంది. విశ్వజ అది భయమనుకుంది.

అరగంట గడిచింది. దారి ఒక గొయ్యి అంచున ఆగిపోయింది. రెండు నిలువుల లోతు. అడుగున సన్నని ధార ఒకటి రాళ్లమీంచి జారి, బొరియలోకి మాయమవుతోంది. మౌనేశ్ దీపం కిందికి దించాడు. రాళ్ల నడుమ చిలుముపట్టిన ఇనపపెట్టె. మూత ఒక పక్క తినేసినట్టు పోయింది. ఆ సందులోంచి పసుపుపచ్చని మెరుపు వాళ్ల కళ్లలోకి కొట్టింది.

విశ్వజ గొయ్యి అంచుకు మోకాళ్ల మీద పాకింది.

"అక్కడ నుంచే," అంది. "ఆ ధారే ఉంగరాన్ని వాగులోకి తీసుకొచ్చింది."

తర్వాత ఏం జరిగిందో తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ చెవులు ఎర్రబడతాయి. పది నిమిషాల పని అన్నాడు మౌనేశ్. అవును, పదే నిమిషాలు అంది తను. అతను తాడు ఒక రాతిస్తంభానికి కట్టి దిగాడు. పెట్టె కడియానికి తాడు కొస బిగించాడు. పైకెక్కి వచ్చాక ఇద్దరూ కాళ్లు తన్నిపెట్టి లాగారు. పెట్టె రాళ్లను ఒరుసుకుంటూ సగం దాకా లేచి, ముందుకు పొడుచుకొచ్చిన బండ కింద ఇరుక్కుంది. విశ్వజ బోర్లా పడుకొని లోపలికి దీపం వేసింది. వడ్డాణం. కాసులపేరు. దాని పక్కన మెట్లు మెట్లుగా గీతలున్న చేతిగాజులు.

"సుంకులక్కా, ఇటు చూడు. అదే పని, అదే కాలం. నేను చెప్పిన లెక్క తప్పలేదు."

సుంకులమ్మ గొయ్యి దగ్గరికి రాలేదు. దూరంగా గోడకానుకొని గొంతుక్కూర్చుంది. లాంతరు ఆమె పాదాల మధ్య ఉంది.

"నీ లెక్క సరిగ్గానే ఉండాది తల్లీ," అంది. "మరి నా మొగుడేడి?"

తాడు విశ్వజ చేతుల్లో ఒక్కసారిగా బరువెక్కింది.

"నిన్న ఈ ఉంగరం చూసి మీ ఆయన ఏమన్నాడక్కా?"

"ఏమంటాడు? ఇంత నల్లగుండాది, ఇది రాజులనాటిదే అన్నాడు."

"ఆ మాట పొద్దున చెప్పలేదేం?"

"నువ్వు అడగలే గదమ్మా." సుంకులమ్మ మాటలో నిష్ఠూరం లేదు. అదే విశ్వజకు మరీ కష్టమనిపించింది. "దారిపొడుగునా ఒక్క రాయి తిరగేసి లేదు. అప్పుడే నాకు అనుమానమొచ్చె. వజ్రాలకు తిరిగేటోళ్లం, యాడ నడిచినా బొటనవేలితో రాయి తిరగేయకుండా ముందుకు పోము. పెండ్లిలో నడిచినా అంతే. నా మొగుడు ఈ దారిన వచ్చింటే రాళ్లు తెలుపుతాయి. అయినా సదువుకున్న బిడ్డ, అద్దం పెట్టి చూసె, ఏదో లెక్క ఉంటాదిలే అనుకుంటి."

రాయిని అడిగింది, గోళ్లను అడిగింది, నలుపును కూడా అడిగింది. ఉంగరాన్ని చేతిలో తిప్పి చూసి పరుగెత్తిన మనిషి ఏమనుకున్నాడో మాత్రం తను అడగలేదు. ఉంగరం వచ్చిన చోటికి తను వచ్చింది. ఓబులేసు తన లెక్క ప్రకారం తను పోయాడు.

అప్పుడే, ఎంతో కిందనుంచి, రేకు చప్పుడు వినిపించింది. టంగ్. టంగ్. టంగ్.

"బావా, తాడు," అంది విశ్వజ.

పెట్టెను దించి ముడి విప్పాలంటే మళ్లీ గొయ్యిలోకి దిగాలి. మౌనేశ్ జేబులోంచి కత్తి తీశాడు. పెట్టెకేసి ఒకసారి, భార్య మొహంకేసి ఒకసారి చూశాడు. విశ్వజ అతని నడుం పట్టీ రెండు చేతులా పట్టుకుంది. అతను గొయ్యిలోకి నడుము దాకా వాలి, చేయి సాచి, కడియం దగ్గర తాడు కోశాడు. పెట్టె బండకు కొట్టుకొని పల్టీ తిరిగింది. గాజులు రాళ్లమీద గలగలమని దొర్లాయి. ఆపైన నీళ్లలో ఏదో బరువుగా పడిన చప్పుడు.

ఎవరూ కిందికి చూడలేదు. తాడు చుట్ట చుట్టడం కూడా దారిలోనే.

*

ఈసారి సుంకులమ్మ ముందు నడిచింది. ఎవరూ చెప్పలేదు, ఆమే లాంతరు తీసుకొని ముందుకు పోయింది.

పెద్ద గదిలో నీళ్లు చీలమండలు దాటాయి. తేటనీళ్లలోకి ఎర్రటి చారలు పాముల్లా పాకుతున్నాయి. బయట తిక్కయ్య డబ్బా ఆగకుండా కొడుతూనే ఉన్నాడు. చీలిక దగ్గర ఎడమకు తిరిగి నాలుగడుగులు వేశారో లేదో, సుంకులమ్మ గభాలున వంగింది.

"ఇదో."

అరచేతి వెడల్పు రాయి. నునుపు వైపు కిందికి, మట్టంటిన వైపు పైకి. దానికి జానెడు దూరంలో ఇంకొకటి. తర్వాత మరొకటి. ఆ చీకట్లోకి మనిషి అడుగుల వెంట రాళ్లన్నీ వెల్లకిలా పడున్నాయి.

"నా మొగుడే. ఎడంకాలితో తిప్పుతాడు, సూడు, అన్నీ ఒకే దిక్కుకు పడినాయి," అంది సుంకులమ్మ. ఆమె గొంతులోకి ప్రాణం వచ్చింది. నడక పరుగైంది.

రాజుగవి కిందికి దిగుతూ పోయింది. కప్పు తక్కువై ముందు తల వంచాల్సి వచ్చింది, తర్వాత నడుం. నీళ్లు మోకాళ్లకు, అక్కడనుంచి తొడలకు. చల్లదనానికి విశ్వజ పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఉన్నట్టుండి దారి లేదు. కప్పు వచ్చి నేరుగా నీళ్లలో మునిగింది. ఎదురుగా నల్లటి మడుగు.

"ఈ చార చూస్తే, మొన్నటిదాకా ఇది పొడిగా ఉన్న పల్లం," అన్నాడు మౌనేశ్ గోడమీది చార తడిమి. "నిన్న మధ్యాహ్నం జల్లు పడింది కదా. అతను దాటి పోయాక వెనక నిండిపోయింది."

సుంకులమ్మ బండకు నోరు దగ్గర పెట్టి అరిచింది. "ఓబులేసూ. నేనప్పా. సుంకులిని."

నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె రాయి తీసుకొని కప్పు మీద కొట్టింది. మూడు దెబ్బలు. ఆగింది. మళ్లీ మూడు.

అవతలనుంచి, కొండ ఎముకల్లోంచి వచ్చినట్టు, సన్నగా మూడు దెబ్బలు వినిపించాయి.

మౌనేశ్ అప్పటికే తాడు నడుముకు కట్టుకుంటున్నాడు. "చెరువు పక్క ఊళ్లో పెరిగాను, ఈత నాకు వదిలెయ్యి. రెండో కొస ఈ పక్కనున్న రాతిస్తంభానికి రెండు చుట్లు తిప్పి నువ్వు పట్టుకో విశ్వా. అవతలికి చేరాక తాడు అతనికి కడతాను. రెండుసార్లు గుంజితే మీరిద్దరూ లాగండి. ఆపొద్దు."

"మరి నువ్వు?"

"వెనకే వస్తాను."

ఆమె ఇంకేదో అనేలోగా అతను ఊపిరి పీల్చి మునిగాడు. దీపం వెలుగు నీళ్లలో పచ్చటి మసకలా కాసేపు కదిలి ఆరిపోయింది. తాడు ఆమె వేళ్లలోంచి జానెడు జానెడు జారుతోంది. జారడం ఆగింది. మళ్లీ జారింది. విశ్వజకు ఏవేవో గుర్తొచ్చాయి. పొద్దున అతను షర్టు గుండీ ఒకటి తప్పుగా పెట్టుకున్నాడు. చెప్పి నవ్వుదామనుకుంది, మరిచిపోయింది. నీళ్లు ఆమె నడుము మీది కొంగును తాకాయి.

తాడు రెండుసార్లు గుంజింది.

ఇద్దరు ఆడవాళ్లూ స్తంభానికి కాలు తన్ని లాగారు. తాడు అరచేతులను కోసింది. నీళ్లు పగిలి ఒక తల పైకి లేచింది. నోరు తెరుచుకొని, మట్టి కక్కుతూ, గుడ్లు తేలేసిన బక్కమనిషి. సుంకులమ్మ అతని జుట్టు పట్టి తన భుజం మీదికి ఈడ్చుకుంది. దగ్గుతున్నాడు. దగ్గడమంటే బతికున్నట్టే.

విశ్వజ అతన్ని చూడలేదు. మడుగుకేసి చూస్తోంది. తాడు మొత్తం ఇవతలే ఉంది. అవతల మౌనేశ్ చేతుల్లో ఏమీ లేదు.

ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. తొమ్మిదికి నీళ్లు ఇంకో రెండు వేళ్లు పెరిగాయి. పదమూడుకు ఆమె చేతిలోని తాడు వదిలేసి, తనకు ఈత రాదన్న సంగతి మరిచి, ఒక అడుగు ముందుకు వేసింది. పదహారుకు ఒక చేయి నీళ్లలోంచి వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"గోడ తడుముకుంటూ వచ్చా. నా దీపం ఆరిపోయింది," అన్నాడు మౌనేశ్ ఎగశ్వాసతో. ఆమె అతని చెంప మీద ఒకటి కొట్టింది. వెంటనే అక్కడే ముద్దుపెట్టుకుంది. సుంకులమ్మ చూసినా చూడనట్టు అటు తిరిగింది.

"పదండి," అన్నాడు మౌనేశ్. "మిగతాది బయట కొట్టుకోవచ్చు."

పెద్ద గదిలో నీళ్లు నడుము దాటాయి. ఎరుపు తప్ప రంగు లేదు. గోడలోంచి ఎక్కడెక్కడో కన్నాలు తెరుచుకొని ధారలు కొడుతున్నాయి. నలుగురూ ఒకే తాడు నడుములకు చుట్టుకొని గోడ పక్కన పాకారు. లాంతరు ఎప్పుడో పోయింది. విశ్వజ తలదీపం మిణుకుమిణుకుమంటోంది. దారి చూపింది మాత్రం తిక్కయ్య డబ్బానే. ముసలాయన చెయ్యి ఒక్క దెబ్బ తప్పలేదు. ఆ చప్పుడు ఎటు గట్టిగా ఉంటే అటు నడిచారు. ఒకచోట ఓబులేసు కాళ్లు తేలిపోయాయి. ప్రవాహం అతన్ని పక్కకు ఈడ్చింది. తాడు బిగుసుకొని నలుగురూ ఒక్కపెట్టున గోడకు కొట్టుకున్నారు. సుంకులమ్మ కింది పెదవి చిట్లింది. ఆమె పెదవి తుడుచుకోలేదు, మొగుడి చొక్కా వదల్లేదు.

తెల్లటి వెలుతురు. వాన. తిక్కయ్య గొంగడి.

వాళ్లు బండలెక్కి వాగుకు పైన కూలబడ్డ కాసేపటికి కొండ ఒకసారి గురగురమంది. గవి నోరు నిండుగా ఎర్రనీళ్లు కక్కింది. కాలువలా కాదు, గోడలా వచ్చాయి నీళ్లు. ఇందాక వాళ్లు నిలబడ్డ చోట ఒక తుమ్మచెట్టు వేళ్లతో సహా లేచి వాగులో దొర్లిపోయింది.

మౌనేశ్ వణుకుతూ విశ్వజ చేతులను తన చేతుల మధ్య పెట్టి రుద్దుతున్నాడు. తాడు కోసిన గీతల్లో మట్టి ఇరుక్కుని ఉంది. మంట పుడుతోంది. అంత మంటలోనూ ఆ రుద్దడం ఎంత బాగుందో ఆమె ఎవరికీ చెప్పలేదు.

తిక్కయ్య తన గొంగడి ఓబులేసు మీద కప్పాడు. ఒక రాత్రీ ఒక పగలూ చీకట్లో కూర్చున్న మనిషి, వెలుతురుకు కళ్లు చికిలించుకుంటూ, పెదాలు తడుపుకొని మొదట అడిగింది ఇదీ.

"అది రాజులదేనా?"

విశ్వజ చెప్పింది. "కాదన్నా. తొంభై ఏళ్లది. రాయి మంటలో చేసింది."

"అంత నల్లగుంటే..."

"రాగి ఎక్కువై నల్లబడింది."

ఓబులేసు గొంగడి ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. "అయితే గవిలో ఏమీ ల్యా?"

మౌనేశ్ తల పక్కకు తిప్పుకున్నాడు. ఉందంటే ఈ మనిషి వాన తగ్గిన మర్నాడే మళ్లీ దిగుతాడు. లేదంటే అబద్ధం. విశ్వజ సుంకులమ్మకేసి చూసింది.

సుంకులమ్మ నోట్లోని రక్తం ఉమ్మేసి, మొగుడికి ఎదురుగా కూర్చుంది.

"ఉండె. పెట్టె నిండా ఉండె. వడ్డాణం ఉండె, కాసులపేరు ఉండె. తాడు కట్టి సగం దాకా పైకి లాగిరి. ఉండేది ఒకటే తాడు. పెట్టెనిడిసి తాడు నీకు తెస్తిమి."

ఓబులేసు నోరు తెరిచాడు. గవికేసి చూశాడు. అక్కడ నీళ్లు కొండ లోపలి రాళ్లను బయటికి విసిరికొడుతున్నాయి. మళ్లీ పెళ్లాం మొహం చూశాడు. చిట్లిన పెదవి, చింపిరి జుట్టు, మట్టి.

"వడ్డాణం పెద్దదా?" అన్నాడు.

"నీ అంత బరువు లేదులే," అంది సుంకులమ్మ.

ఓబులేసు గొంగడిలో మొహం దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. సుంకులమ్మ అతని పక్కకు జరిగి, తడిసిన గొంగడి అంచు కొంత తన మీదికి లాక్కుంది.